సప్పుడు సెయ్యకు, మావ పడుకున్నాడు

ఇవాళ భిలాయిలో ఎవరింట పెళ్ళయినా, ఏ సెక్టార్‌లో గణపతి మండపం లేచినా, స్టేజీ పక్కన 'సూరి ఎంటర్‌టైన్‌మెంట్స్' అని ఎర్రక్షరాల బోర్డు కనిపిస్తుంది. ఇది తొంభై తొమ్మిదో సంవత్సరం. ఆ సూరిగాడికిప్పుడు రెండు లారీలు, నాలుగు జనరేటర్లు, పాతికమంది పనివాళ్ళు, పవర్ హౌస్ బజార్లో అద్దాల ఆఫీసు ఉన్నాయి. రాయపూర్ నుంచీ దుర్గ్ నుంచీ సేఠ్‌లు వచ్చి 'సూరి భయ్యా' అంటూ బెంచీ మీద కూర్చుని ఎదురుచూస్తారు. వాడిని పైకి తెచ్చింది నేనేనని మా బ్లాకులో కొందరంటారు. శుద్ధ అబద్ధం. నేను చేసింది ఒక్కటే, వాడి మీద కంప్లయింట్ రాశాను. కార్బన్ పేపర్ పెట్టి మరీ రాశాను.

నా పేరు దక్షిణామూర్తి. ఇక్కడి స్టీల్ ప్లాంటులో, రైలు పట్టాలు చేసే రైల్ మిల్లులో క్రేన్ ఆపరేటర్‌ని. మేడ మీద ఇల్లు నాది, సరిగ్గా నా కింద శంకరరావుది. అతను బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్‌లో పనిచేసేవాడు. ఇద్దరం బొబ్బిలి పక్కవాళ్ళం, ఒకే ఏడు వచ్చి ప్లాంటులో చేరాం. వాళ్ళావిడ నూకమ్మా, మా కామాక్షమ్మా కూరగిన్నెలు మెట్ల మీదే మార్చుకునేవారు. వాళ్ళబ్బాయే ఈ అప్పలసూరి. తాతగారి పేరు పెట్టారు. ఇక్కడి హిందీ పిల్లలు నోరు తిరక్క 'ఆపిల్' అని పిలిచేవారు. పిలుపు ఏదైతేనేం, వాడు పలికేవాడు.

తొంభై రెండులో పాలిటెక్నిక్ చదువు మధ్యలో వదిలేసి ఇంటికొచ్చాడు. వచ్చినవాడు ఊరికే కూర్చున్నా బాగుండేది. క్యాంప్ 2లో డేవిడ్‌రాజ్ అని స్నేహితుడుండేవాడు, చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. ఇద్దరికీ ఎక్కడిదో అమెరికా హిప్‌హాప్ క్యాసెట్ ఒకటి దొరికింది. పాట కాదది, ఎవడో కోపంగా లెక్కలు అప్పజెబుతున్నట్టుంటుంది. అది విన్న రోజు నుంచి వీడికి పూనకం. రెండు టేప్‌రికార్డర్లు, డేవిడ్‌రాజ్ కీబోర్డు, ఒక మైకు, పెట్టెంత స్పీకర్ డబ్బా కలిపి వెనక గదిలో పెట్టాడు. ఆ గదికి నిట్టనిలువునా పైన నా మంచం.

ప్లాంటు ఊళ్ళో బతకనివాళ్ళకి ఇది చెప్పాలి. ఇక్కడ ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు నిద్రలో ఉంటారు. ఫస్ట్ షిఫ్ట్ పొద్దున్న ఆరింటికి, సెకండ్ మధ్యాహ్నం రెండింటికి, నైట్ రాత్రి పదింటికి. నైట్ చేసినవాడికి పొద్దున్న ఎనిమిదింటికి అర్ధరాత్రి మొదలవుతుంది. వీడు సరిగ్గా ఎనిమిదింటికి మొదలెట్టేవాడు. దబ్, దబ్ అంటూ ఆ దెబ్బ నేలలోంచి మంచంకోళ్ళెక్కి నా పళ్ళలోకి వచ్చేది. రెండుసార్లు మెట్లు దిగి చెప్పాను. శంకరరావు కొడుకుని తిట్టాడు. మూడో రోజు మళ్ళీ దబ్.

ఏడాది భరించాను. ఒక రాత్రి డ్యూటీలో, పట్టాల కట్ట హుక్కున వేలాడుతుండగా, క్యాబిన్‌లో నాకు కునుకు పట్టింది. ఎంతసేపో తెలియదు. కింద సిగ్నల్ ఇచ్చేవాడు ఈలవేస్తుంటే ఉలిక్కిపడి లేచాను. కట్ట నలుగురి నెత్తిన ఊగుతోంది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ తెల్లారేదాకా నేను టీ కూడా ముట్టుకోలేదు. ఇంటికెళ్ళి, స్నానమైనా చెయ్యకుండా, కంపెనీ క్వార్టర్లు చూసే టౌన్ ఆఫీసుకి కాగితం రాసిచ్చాను.

వారం తిరక్కుండా శంకరరావుకి నోటీసు వచ్చింది. ఇంకొక్క ఫిర్యాదు వస్తే క్వార్టర్ రద్దు. కింద ఫిర్యాదుదారు అని నా పేరు. నాతో చెప్పి రాయొచ్చు కదా అని శంకరరావు బాధ. రెండుసార్లు చెప్పాను కదా అని నా కోపం. ఆ రోజు నుంచి అతను నాతో మాట మానేశాడు. ప్లాంటు గేటు దగ్గర సైకిళ్ళు పక్కపక్కనే పెట్టి, ముఖాలు చెరోవైపు తిప్పుకుని నడిచేవాళ్ళం. కొడుకుతో మాత్రం తేల్చి చెప్పాడట, క్వార్టర్ పోతే నీ మొహం చూడనని.

సూరిగాడు ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చాడు. తగువుకొచ్చాడనుకుని నేను లుంగీ బిగించాను. వాడి చేతిలో నోటుబుక్కు.

"మావయ్యా, ఈ వారం నీకు ఏ షిఫ్టు? ఒచ్చే వారం ఏటి?"

"ఎందుకురా?"

"నువ్వు ఎప్పుడు పడుకుంటావో రాసుకుంటాను. అంతే."

నాది రాసుకున్నాడు. పక్కింటిది రాసుకున్నాడు. మొత్తం పన్నెండిళ్ళ షిఫ్టులూ నెలకి సరిపడా గళ్ళు గీసి గోడకి అంటించాడు. ఆ గళ్ళన్నీ చూస్తే, బ్లాకులో ఒక్కరు కూడా నిద్రపోని సమయం సాయంత్రం అయిదు నుంచి ఏడు వరకే తేలింది. ఆ రెండు గంటలే గట్టిగా వాయించేవాడు. మిగతా రోజంతా మైకుకి పెదాలానించి గుసగుసగా పాడుకునేవాడు. ఆ గుసగుసే వాడి కొంప నిలబెట్టింది. అమెరికావాడు అరుస్తాడు, వీడు చెవిలో చాడీ చెబుతున్నట్టు మొదలెట్టి, చివర్లో ఒక్కసారి విరుచుకుపడతాడు. అలాంటిది ఎవరూ వినలేదు. తొంభై నాలుగులో డేవిడ్‌రాజ్‌తో కలిసి క్యాసెట్ చేసి, ఇంట్లోనే కాపీలు తీసి, పవర్ హౌస్ బజార్లో అమ్మాడు. మొదటి పాట ఇది:

సప్పుడు సెయ్యకు, మావ పడుకున్నాడు,
రేతిరంతా క్రేనెక్కి ఎగిరొచ్చినాడు,
కుక్కరూ కూయకు, కుక్కా అరవకు,
దూద్‌వాలే భయ్యా, బెల్ మత్ బజావ్!

ఆఖరి ముక్క హిందీ, పాలబ్బాయిని బెల్లు కొట్టొద్దనడం. ఆ మావ ఎవరో చెప్పనక్కర్లేదు. నెలరోజుల్లో పాట క్యాంప్ 2 పాన్‌డబ్బాల నుంచి భిలాయి-3 స్టేషన్ దాకా పాకింది. తెలుగు ముక్క రాని ఛత్తీస్‌గఢీ కుర్రాళ్ళు కూడా 'మావ పడుకున్నాడు' అని పాడేవారు. రైల్ మిల్లులో నేను నిచ్చెనెక్కుతుంటే కిందనుంచి ఒకడు 'సప్పుడు సెయ్యకండిరా' అనేవాడు, మిగతావాళ్ళు నోటికి వేలు అడ్డం పెట్టుకునేవారు. నా ఒళ్ళు మండిపోయేది. కామాక్షమ్మ మాత్రం చుట్టాలొస్తే ఆ క్యాసెట్టే పెట్టి, ఈయనేనండీ అని నన్ను చూపించేది. తల కొట్టేసినట్టుండేది నాకు. నిజం చెప్పొద్దూ, లోపల కాస్త బాగానే ఉండేది.

ఇక షిఫ్టుల నోటుబుక్కు సంగతి. మొదట మా బ్లాకు, తర్వాత వీధి, ఆ తర్వాత సగం సెక్టార్ అందులోకెక్కింది. పెళ్ళికి పంతులుగారు ముహూర్తం పెట్టాక, రిసెప్షన్ ఏ రోజు పెడితే మనవాళ్ళు ఎక్కువమంది వస్తారో చూపించుకోవడానికి జనం సూరి దగ్గరికి వచ్చేవారు. వాడు గళ్ళ మీద వేలు పోనిచ్చి, గురువారం వద్దు, మీ బావగారి బ్యాచ్ సెకండ్‌లో ఉంది, శనివారం పెట్టండి అనేవాడు. ఎలాగూ వచ్చారు కదా అని మైకు సెట్టు కూడా వాడినే తెమ్మనేవారు, మైకు తెచ్చాక షామియానా, షామియానా వేశాక వంటవాడు. అలా రెండేళ్ళు తిరిగేసరికి ర్యాప్ పాడే కుర్రాడు కాస్తా ప్రోగ్రాములు చేయించే ఆసామీ అయ్యాడు.

అయినా వాడికొక కోరిక మిగిలిపోయింది. తన పాటలతో, తన పేరుతో ఒక పెద్ద ప్రోగ్రాం చెయ్యాలి. ఊళ్ళో అందరూ సాయంత్రాలే పెడతారు. సాయంత్రం పెడితే సెకండ్ షిఫ్ట్‌వాళ్ళు ప్లాంటు లోపలుంటారు, నైట్‌వాళ్ళు సగంలో టిఫిన్ డబ్బా పట్టుకుని లేచిపోతారు, ఫస్ట్‌వాళ్ళు తెల్లారుజామున లేవాలని ఆవలిస్తూ కూర్చుంటారు. వీడు నోటుబుక్కు తిరగేసి తిరగేసి ఒక మాట కనిపెట్టాడు. పొద్దున్న ఏడింటికైతే నైట్‌వాళ్ళు అప్పుడే బయటికొస్తారు, సెకండ్‌వాళ్ళు మధ్యాహ్నం దాకా ఖాళీ. ముగ్గురిలో ఇద్దరు దొరుకుతారు. దసరా వెళ్ళిన రెండో ఆదివారం, మా బ్లాకు ముందరి గ్రౌండ్‌లో, పొద్దున్న ఏడింటికి ర్యాప్ ప్రోగ్రాం అని పోస్టర్లు వేశాడు. ఊరంతా నవ్వింది. పొద్దున్నే ర్యాపేటిరా, సుప్రభాతమా అని.

నవ్వడం తేలికే. చిక్కంతా ఒక్కచోట ఉంది. నైట్ చేసినవాళ్ళు ప్రోగ్రాంకొస్తే అందరూ సుఖం. రాకుండా ఇంటికెళ్ళి పడుకుంటే, స్పీకర్ల మోతకి లేచి ఫిర్యాదు రాస్తారు. పాత నోటీసు అలాగే ఉంది. ఒక్క కాగితం చాలు, శంకరరావు సామాను రోడ్డు మీదికి.

బ్లాకులో ఆ వారం నైట్‌లో ఉన్నది అయిదుగురం, అందులో శంకరరావూ ఒకడు. సూరి ఇంటింటికీ వెళ్ళి అడిగాడు. మిగతా ముగ్గురూ వస్తామన్నారు. నా దగ్గరికి ఆఖర్న వచ్చాడు. మూడేళ్ళ ఉక్రోషం నాకు అప్పుడే గుర్తుకు రావాలా?

"పిలవాల్సింది నువ్వు కాదురా. మీ నాన్నని రమ్మను."

"నాన్న రాడు మావయ్యా. నీకు తెలుసు కదా."

"అయితే నేనూ రాను. పడుకుంటాను."

వాడు బతిమాలలేదు. సరే మావయ్యా అని నోటుబుక్కులో ఏదో రాసుకుని మెట్లు దిగిపోయాడు. కామాక్షమ్మ ఆ పూట నాకు అన్నం వడ్డించి, పెరుగు మాత్రం నన్నే తెచ్చుకోమంది. ఇరవై ఆరేళ్ళ కాపురంలో అదే మొదటిసారి.

ఆదివారం పొద్దున్న ఆరున్నరకి డ్యూటీ దిగి వచ్చేసరికి గ్రౌండ్ నిండిపోయింది. ప్లాంటు బట్టలతోనే, సైకిళ్ళు స్టాండేసి, హెల్మెట్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు మగాళ్ళు. ఓ పక్క నూకమ్మ పెద్ద గుండిగలో ఉప్మా కలియబెడుతోంది. మా ఆవిడ ఆమె పక్కనే ఉల్లిపాయలు తరుగుతోంది. నావైపు చూడనైనా లేదు. నేను తలదించుకుని మేడెక్కి, తలుపేసుకుని, దుప్పటి కప్పుకున్నాను.

ఏడయింది. దబ్ అనగానే లేచి కూర్చుందామని, ఏమనాలో మాటలు కూడా సిద్ధం చేసుకుని కళ్ళు మూసుకున్నాను. చప్పుడు లేదు. ఏడుంపావు. మైకు గరగర కూడా లేదు. ఏడున్నర. కరెంటు పోయిందేమోనని చూస్తే నెత్తిన ఫ్యాను తిరుగుతూనే ఉంది. కిటికీ తలుపు వేలెడంత తీశాను. మూడొందల మంది కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే ఉన్నారు. స్టేజీ మీద డేవిడ్‌రాజ్ కీబోర్డు మీద చేతులు ఆనించి నిలబడ్డాడు. సూరిగాడు మైకు పట్టుకుని మా కిటికీ వంకే చూస్తున్నాడు. వాడిని చూసి జనమంతా ఇటే చూస్తున్నారు. గబుక్కున కిటికీ మూసేశాను.

అప్పుడు మెట్ల మీద అడుగులు వినిపించాయి. నిదానంగా, ఒక్కో మెట్టూ ఆగి ఆగి. తలుపు తట్టలేదు. బయట నిలబడి ఒకటే దగ్గు, కోక్ ఓవెన్ల దగ్గు. ఆ దగ్గు ఎవరిదో నాకు చెప్పాలా? తలుపు తీశాను. శంకరరావు మొహానికి ఇంకా బొగ్గు మసే ఉంది. నా మొహం చూడకుండా గోడకి చెప్పినట్టు చెప్పాడు.

"మూర్తీ, లెగు. ఆడు మొదలెట్టనంటన్నాడు."

"ఎందుకట?"

"నువ్వు పడుకున్నావట."

నేను వెనక్కెళ్ళి దుప్పటి మడతపెట్టాను. తర్వాత అతనే, "మూడేళ్ళయినాదిరా, ఇంక సాలు," అన్నాడు. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి, దాచుకోలేదు. చొక్కా వేసుకునే తీరిక కూడా లేక బనీనుతోనే అతని వెనక దిగాను.

మేం గ్రౌండ్‌లోకి రాగానే ఎవడో 'మావ లెగిసినాడ్రా' అని కేకేశాడు. ఇక ఆ ఈలలూ చప్పట్లూ చెప్పనలవి కాదు. సూరిగాడు మేమిద్దరం ముందు వరస జంపఖానా మీద కూర్చునేదాకా ఆగి, అప్పుడు గుసగుసగా మొదలెట్టాడు.

మొదటి పాట శంకరరావు తల పంకిస్తూ పూర్తిగా విన్నాడు. రెండేళ్ళుగా వాళ్ళింట్లో మోగుతున్న పాటే, మొదటిసారి వింటున్నట్టు విన్నాడు. రెండో పాట సగంలో అతని తల మెల్లగా నా భుజం మీదికి ఒరిగింది. రాత్రంతా ఓవెన్ల ముందు నిలబడ్డ మనిషి, నిద్ర ఎక్కడికి పోతుంది? స్పీకర్లు ఇరవై అడుగుల దూరంలో దద్దరిల్లిపోతుంటే గురకపెట్టి నిద్రపోతున్నాడు. నా భుజం తిమ్మిరెక్కింది. నేను కదల్లేదు.

సూరిగాడు స్టేజీ మీంచి వాళ్ళ నాన్నని చూశాడు. నోరు పాడుతూనే ఉంది, చెయ్యి మాత్రం మోత తగ్గించడానికి యాంప్లిఫయర్ మీదికి పోయింది. నేను చెయ్యెత్తి వద్దన్నాను.