దారం అక్క చేసిన ఐదో ఫోను

దారం అక్క గురించి చెప్పుకునేవాటిలో సగం నమ్మితే చాలు, ఆ సగం అరగడానికే వారం పడుతుంది. ఆవిడ గుమ్మంలో గొంతు సవరించుకుంటే నాలుగు ఆఫీసుల్లో కుర్చీలు లేచి నిలబడతాయంటారు. వాటిలో కూర్చున్నవాళ్ల సంగతి ఇక చెప్పేదేముంది!

పద్దెనిమిదేళ్లు నిండి అనాథ వసతిగృహం వదిలే పిల్లలకు గది, పని, వైద్యం, ధైర్యం అన్నీ కలిపి కుట్టిపెట్టడం ఆవిడ ఉద్యోగం. ఆ పేరూ అలా వచ్చిందే. ఒకప్పుడు వార్డెను, పని నేర్పే మాస్టారు, డాక్టరమ్మ, కౌన్సెలరమ్మ పిల్లల్ని బంతిలా ఒకరి మీదికొకరు తన్నేవారు. అక్క నలుగురినీ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టి, ప్రతి పిల్లా అందరి పిల్లే అని నూరిపోసింది. ఆ మందు బాగానే వంటబట్టింది. కొంప ముంచిందీ అదే.

ఆసారి బయటికొచ్చిన పిల్ల ముద్దుపేరు నత్త. నడక నెమ్మది, చెయ్యి మాత్రం వణకదు. కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు బిగించే పని దొరికింది. ఒక్కరోజు చూసి, నచ్చితేనే ఉంచుకుంటానన్నాడు ముసలి యజమాని. పని లేకపోతే అద్దె గదీ లేనట్టే.

మర్నాడు దుకాణం తలుపు తీశారో లేదో, వార్డెను ఫోను, పిల్ల చేరిందా అని. తర్వాత మాస్టారు, స్క్రూడ్రైవరు సరిగ్గా పట్టుకుందా అని. డాక్టరమ్మ, కళ్లకు విశ్రాంతి ఇస్తున్నారా అని. కౌన్సెలరమ్మయితే ఏకంగా యజమాని మనసెలా ఉందో కనుక్కుంది.

"పనికొచ్చావా, నన్ను తనిఖీ చెయ్యడానికొచ్చావా తల్లీ? ఇంకొక్కటి మోగిందా, సంచి సర్దుకో" అన్నాడాయన.

అక్కడ అక్కకు ఇదేమీ తెలియదు. ఫోను మీద చెయ్యి వేయడం, తీయడం. చివరికి ఆగలేక నొక్కేసింది. ఈసారి యజమాని చూస్తుండగా నత్తే ఎత్తింది.

"నేనేనే, ఎలా ఉంది?"

"నమస్కారమండీ. మీ కళ్లజోడు సాయంత్రానికి సిద్ధమవుతుంది. అందాకా ఫోను చెయ్యక్కర్లేదు. మీవాళ్లు నలుగురికీ కూడా చెప్పండి."

నాకు కళ్లజోడెక్కడిదే అనబోయిన అక్కకు 'నలుగురు' దగ్గర సంగతి వెలిగింది. ఫోను పెట్టేసి నలుగురినీ వరసగా ఉతికి ఆరేసింది. తనను తాను మాత్రం పొడిగానే వదిలేసింది.

సాయంత్రం గుండె చిక్కబట్టుకుని దుకాణానికి వెళ్లింది. యజమాని తలెత్తలేదు.

"ఐదోదీ మీదేనని నాకు తెలుసమ్మా. కానీ మొండి బేరాన్ని ఇంత మర్యాదగా సాగనంపడం నాకే చేతకాదు. రేపట్నించి రోజూ రమ్మన్నాను."

నత్త కొత్త కళ్లజోడొకటి తుడిచి అక్క ముందు పెట్టింది. "ఇస్తామని చెప్పాను కదక్కా. మాట పోతుంది."

అక్క చూపు గద్దకు పాఠాలు చెప్పేంత పదును. అయినా బుద్ధిగా పెట్టుకుంది.