పది ఆకుపచ్చ గడులు

నా మెడలో ఒక విజిల్ వేలాడుతుంటుంది. దాన్ని చూసినప్పుడల్లా ఒక పిల్ల పోగొట్టుకున్న సీటు గుర్తొచ్చి నా చెవులు వేడెక్కుతాయి. కంచే చేను మేసిందన్న సామెత మీరు వినే ఉంటారు. నా కథలో కంచె ఊరికే మేయలేదు, విజిల్ ఊది మరీ మేసింది. అదెట్లాగో చెప్తాను. నవ్వాలనిపిస్తే నవ్వుకోండి, వద్దనే ముఖం నాకు లేదు.

అప్పుడు నాకు ఇరవై ఐదేళ్లు. మిర్యాలగూడలో ఒక జూనియర్ కాలేజీలో కొత్తగా పీఈటీగా చేరాను. చేతిలో బీపీఈడీ పట్టా, జేబులో స్మార్ట్ ఫోను, నెత్తిన మోయలేనంత పొగరు. చేరిన వారానికే నాకు అనిత దొరికింది. దామరచర్ల దారిలో ఉన్న ఒక తండా పిల్ల, ఇంటర్ ఫస్టియర్. పొద్దున బస్సు తప్పిపోతే ఏడుస్తూ కూర్చునే రకం కాదు. పుస్తకాల సంచి వీపున వేసుకుని పరుగెత్తి తర్వాతి స్టాపులో అదే బస్సు ఎక్కేది. కండక్టరే నాకు చెప్పాడు.

నాలుగు వందల మీటర్ల పందెమంటే గ్రౌండు చుట్టూ ఒక్క రౌండు. మొదటి మూడు వందలు కాళ్లు పరుగెత్తుతాయి, చివరి వంద ప్రాణం పరుగెత్తాలి. అనితకు రెండూ ఉన్నాయి. ఆగస్టు ఆఖర్లో సూర్యాపేటలో స్పోర్ట్స్ హాస్టల్ సెలక్షన్లు. మొదట వచ్చిన ఇద్దరికే సీటు. తిండి, బూట్లు, చదువు అన్నీ హాస్టల్ వాళ్లవే. అనిత తల్లి కమ్లమ్మ నాట్ల ముఠాకు పెద్ద. ఆమె నాతో ఒకటే మాట అన్నది.

"సీటొస్తే డిగ్రీ దాక సదువుతది సారు. రాకుంటే నాతోని నాట్లకే."

"సీటు వచ్చినట్టే అనుకో కమ్లమ్మా" అన్నాను. వచ్చినట్టే, చూశారా. అప్పటికి నేను ఒక్క పిల్లనైనా ఒక్క పందెంలోనైనా గెలిపించిన పాపాన పోలేదు.

ఆ రాత్రే కూర్చుని పన్నెండు వారాల ట్రైనింగ్ ప్లాన్ గీశాను. పెద్ద చార్టు, స్కెచ్ పెన్నులు, రోజుకో గడి. ఎర్ర గడి అంటే వేగం, మూడు వందల మీటర్లు నాలుగు సార్లు. నీలం గడి అంటే దమ్ము పెంచే పరుగు. చివరి పది గడులు ఆకుపచ్చ. వాటిలో లావు అక్షరాలతో "పరుగు బంద్, పూర్తి విశ్రాంతి" అని రాశాను. పందేనికి ముందు ఒళ్లు తేలికపడాలని ఎక్కడో చదివాను లెండి. పరుగు తగ్గించాలని అక్కడ రాసి ఉంది. తగ్గించడమేమిటి, నేను ఏకంగా మాన్పించాను. చిన్న పనులు మనకు నచ్చవు.

పేర్లు ఇవ్వడానికి సూర్యాపేట పోయినప్పుడు చార్టు ఫోటోను కోదాడ నుంచి వచ్చిన పెద్ద పీఈటీ సారుకు చూపించాను. ముప్ఫై ఏళ్లుగా పిల్లల్ని పరుగెత్తిస్తున్న మనిషి. అద్దాలు పైకి జరిపి చూసి, "రంగులు బాగున్నాయి మాస్టారూ. కానీ ఈ పచ్చ గడులున్నాయే, అవి కాలవకి నీళ్లొచ్చే రోజులు కదండీ. చూసుకున్నారా?" అన్నారు.

"కాల్వకు, ఫోర్ హండ్రెడ్‌కు ఏం సంబంధం సార్?"

"మా వైపు అన్నిటికీ దాంతోనే సంబంధమండీ" అని ఆయన టీ తాగేశారు. పాతకాలపు మనిషి అని మనసులో జాలిపడ్డాను. నేను పట్టిన కుందేలుకు అప్పట్లో మూడు కాళ్లు కూడా ఉండేవి కావు, రెండే.

అనితకు నేను నేర్పిన సూత్రాల్లో నాకు బాగా ఇష్టమైంది ఒకటుంది. విజిల్ వినపడితే వేగం పెంచాలి, ఏం జరిగినా వెనక్కి చూడకూడదు. వెనక్కి చూసిన రన్నరు అప్పుడే ఓడినట్టు. రోజూ వందసార్లు చెప్పేవాణ్ని. ఆ పిల్ల పదకొండో వారానికల్లా విజిల్ వింటే చాలు, కళ్లకు గంతలు కట్టిన గుర్రంలా ముందుకే పోయేది.

పచ్చ గడులు మొదలయ్యే ముందు రోజు కమ్లమ్మ గ్రౌండుకు వచ్చింది.

"రేపట్నుంచి పరుగు లేదంటగద సారు?"

"లేదు. పది రోజులు బంద్."

"అయితే పిల్ల ఖాళీయేనా?"

"పూర్తిగా ఖాళీ కమ్లమ్మా" అన్నాను, నా చార్టు అంత విశాలంగా నవ్వుతూ.

ఆ మరునాడే సాగర్ ఎడమ కాల్వకు నీళ్లు వదిలారు. నిడమనూరు దగ్గర మా ఊరి నుంచి అమ్మ ఫోను.

"కాల్వొచ్చింది బిడ్డా. నారు ముదిరిపోతున్నది. ఊరంత ఒక్కసారే నాట్లు పెట్టుకున్నరు, కూలోళ్లు దొరుకుతలేరు. మీ నాయిన పరేషాన్ అయితున్నడు."

"నువ్వు ఫికర్ చెయ్యకమ్మా. నాకు తెలిసిన ముఠా ఉన్నది" అని అభయమిచ్చి వెంటనే కమ్లమ్మకు ఫోన్ చేశాను.

"మంది తక్కువున్నరు సారు."

"అట్లంటే ఎట్ల? ఖాళీగ ఉన్నోళ్లందర్ని తీస్కరా. ఇంట్ల ఒక్కర్ని కూడ ఉంచకు."

కమ్లమ్మ మళ్లీ అడిగింది. "అందర్నా సారు?"

"అందర్ని."

మీకు అర్థమైపోయింది కదా? నాకు కాలేదు. బీపీఈడీ ఫస్టు క్లాసండి నేను.

ఆదివారం పొలం చూడటానికి పోయాను. సన్నగా ముసురు. గొడుగు పట్టుకుని ఒడ్డు మీద నిలబడ్డాను. మడిలో పది మంది వరుసగా వంగి నాటేస్తున్నారు. అందరివీ వీపులే. మీద మగవాళ్ల ఫుల్ షర్టులు, వాటిపైన వానకు తడవకుండా ప్లాస్టిక్ బరకాలు, తలలకు తువ్వాళ్లు. ఎవరెవరో గుర్తుపట్టే దారి లేదు. కొస మనిషి మిగతావాళ్ల కంటే కాస్త వెనకబడింది. నాలోని కోచ్ ఊరుకుంటాడా? మెడలో విజిల్ ఉండనే ఉంది. గట్టిగా ఊది, "ఆ సివరి మనిషి, జర జల్ది" అని అరిచాను.

ఆ మనిషి తల కూడా తిప్పలేదు. చేతులు మిషన్‌లా ఆడించి నిమిషంలో వరుసను దాటేసింది.

"చూసినవా అమ్మా, నా విజిల్‌కున్న తాకత్?" అన్నాను. అమ్మ మురిసిపోయింది. ఆ ఉత్సాహంలో ఇంకో నాలుగు సార్లు ఊదాను. ఊదిన ప్రతిసారీ ఆ చివరి మనిషి వేగం పెంచింది. మా ఎనిమిది ఎకరాలు అయ్యాక ముఠా మా చిన్నాయన పొలంలో దిగింది. అదీ నా సిఫారసే.

సెలక్షన్ల రోజు సూర్యాపేట గ్రౌండులో కమ్లమ్మ పక్కన అనిత నడుస్తుంటే ఏదో తేడాగా అనిపించింది. అడుగులు చూసి చూసి వేస్తోంది. భయమనుకున్నాను. పరుగు మొదలైంది. రెండు వందల మీటర్ల దాకా ముందు మా పిల్లే. నేను కోదాడ సారు వైపు గర్వంగా చూశాను. మూడో మలుపు తిరిగాక ఆమె కాళ్లు మోకాలి లోతు బురదలోంచి పీకి వేస్తున్నట్టు పడసాగాయి. నేను విజిల్ ఊదాను. పాపం, వేగం పెంచాలని ఎంత చూసిందో. ఒకరు దాటారు. గీత రెండడుగులుందనగా ఇంకొకరు దాటారు. మూడో స్థానం. సీట్లు రెండే.

అనిత గడ్డి మీద కూలబడి బూట్లు విప్పింది. కోదాడ సారు ముందుగా వచ్చి ఆమె పాదాలు చూశారు. వేళ్ల సందులన్నీ బురదనీళ్లకు ఒరిసి ఎర్రగా పుండ్లయ్యాయి.

"మాస్టారూ, ఇవి విశ్రాంతి తీసుకున్న కాళ్లు కాదండీ. నాట్లేసిన కాళ్లు" అన్నారు నెమ్మదిగా.

నాకు ఒళ్లు మండిపోయింది. పన్నెండు వారాల చెమట. గ్రౌండంతా వినేటట్టు అరిచాను. "ఏమైంది కమ్లమ్మా నీకు? సెలక్షన్లు పెట్టుకుని పిల్లను నాట్లకు దింపుతవా? అసలు పిలిచినోడెవడు? వానికి సిగ్గు లేదా, షరం లేదా? పేరు చెప్పు, వాని సంగతి నేను చూస్త."

కమ్లమ్మ వంగి పిల్ల బూట్లు అందుకుంది. అనితే చెప్పింది.

"మీరే సార్."

గ్రౌండులో ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది.

"నన్నెందుకు పిలవలేదు బిడ్డా? పొలం కాడికి నేనొచ్చిన గద?"

"ఆ సివరి మనిషిని నేనే సార్. మీరు విజిల్ ఊదిన్రు. ఊదితే ఎనకకు సూడొద్దన్నరు గద."

కోదాడ సారు కావాలనే అటు తిరిగి అద్దాలు తుడుచుకున్నారు. "కాల్వకు, ఫోర్ హండ్రెడ్‌కు ఏం సంబంధం" అని ఆయన తిరిగి అనలేదు. అని ఉంటే నేను కొంచెం తేలికపడేవాణ్ని. కమ్లమ్మ కూడా తిట్టలేదు. "మీ చిన్నాయన మడి ఒకటి మిగిలింది సారు. పందెం ఉన్నదని ఈ రోజు పని బంద్ పెట్టినం. రేపు ఒక మనిషి తక్కువ పడ్తది" అన్నది.

ఆ తక్కువ పడిన మనిషి చోట నేనే చేరాను. సోమవారం పొద్దున ప్యాంటు మడిచి దిగాను. అరగంటకు నడుము నాది కాకుండా పోయింది. ముఠా అప్పటికే సగం మడి దాటింది, కొసన నేనొక్కణ్నే. అనిత పాదాలకు మందు రాసుకుని ఒడ్డు మీద కూర్చుంది. కాసేపటికి విజిల్ వినిపించింది. నాదే, ఒడ్డున చొక్కాతో పాటు వదిలేశాను.

"ఆ సివరి మనిషి, జర జల్ది."

నేను వెనక్కి చూడలేదు. చూడకపోవడం క్రమశిక్షణ అనుకునేరు. ఆ పిల్లకు ముఖం చూపించలేక.

మరుసటి ఏడు చార్టు కమ్లమ్మ ముందు పెట్టుకుని గీశాను. మొదటి గడిలో కాల్వ, ఆ తర్వాతే మీటర్లు. అనితకు సీటు వచ్చింది, కానీ ఒక ఏడాది ఆలస్యంగా. ఆ ఏడాది నా లెక్కలోనే ఉంటుంది.

కాబట్టి పాఠకులారా, ఈ విజిల్ సాక్షిగా, ఇంకా పూర్తిగా నిటారు కాని నా నడుము సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఎవరికైనా విశ్రాంతి రాసేముందు వాళ్ల తల్లిని అడుగుతాను, ఆ తర్వాత మా అమ్మనూ అడుగుతాను. ఇక నా పిల్లలకు ఇప్పుడు చెప్పే మొదటి సూత్రం ఇది: విజిల్ వినపడితే వేగం పెంచండి. ఊదింది నేనైతే మాత్రం, ఒక్కసారి వెనక్కి తిరిగి మీ ముఖం నాకు చూపించండి.