మూడు ఆదివారాలు

క్లారమ్మ రోజూ తెల్లవారగానే కోడలు ప్రిన్సీకి కషాయం కాస్తుంది. నాటుమందు వేర్లు దంచి, మరిగించి, గుడ్డతో వడగట్టి, ప్రిన్సీ గ్లాసు ఖాళీ చేసేదాకా పక్కనే నిలబడుతుంది. పిల్లలు పుట్టడానికని పెళ్ళైన ఏడాది నుంచీ ఇస్తున్నది. కొడుకు సెల్విన్ అప్పటికే మాలూరు ఫ్యాక్టరీకి రైలెక్కి ఉంటాడు. ఎనిమిదేళ్ళప్పుడు వాడికి రక్తపు క్యాన్సర్ వచ్చింది. మందులతో బతుకుతాడనీ, ఆ మందుల వల్లే పెద్దయ్యాక పిల్లలు పుట్టకపోవచ్చనీ డాక్టరు చెప్పాడు. ఆమె మొదటి మాట అందరికీ చెప్పుకున్నది, రెండోది తనలోనే ఉంచుకున్నది.

రాబర్ట్‌సన్‌పేటలో వాళ్ళ చర్చిలో, పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు ఫాదరు జంట పేర్లు చదివి, అడ్డు ఏదైనా తెలిసినవాళ్ళు చెప్పమంటారు. సెల్విన్ పేరు చదివిన మూడు వారాలూ క్లారమ్మ తల వంచుకొని కూర్చుంది. అప్పటినుంచి ఎవరి పేర్లు చదివినా లేచి బయటికి వెళ్ళిపోతుంది. ఈ ఆదివారం ఇంకో జంట పేర్లు చదివినప్పుడు లేచింది కానీ కదలలేకపోయింది. ముందు వరసలోంచి పెళ్ళికూతురి తల్లి భయంగా వెనక్కి తిరిగి చూసింది.

"మీది గాదమ్మా, కూర్చో," అన్నది క్లారమ్మ. పక్కనున్న ప్రిన్సీ చెయ్యి పట్టుకొని బయట మెట్ల దగ్గరికి తీసుకుపోయి అంతా చెప్పింది.



"ఆయనకి తెలుసునా అత్తా?"

"తెలీదు. వానికీ చెప్పలేదు."

"మరి ఐదేండ్లు నాకు ఆ కషాయం ఎందుకిచ్చినావు?"

"నువ్వు తాగతా ఉంటే, వాన్ని ఎవురూ ఏమీ అడగరని."