మస్తాన్‌బీ అత్త తడిగుడ్డ

పొద్దున జల్లు పడి మా వాకిట్లో గోడకానించిన పలకలు తడిసినాయి. తడిసిన పలకకు ఒక వాసన ఉంటుంది, మట్టిదీ నీళ్ళదీ కలిసిన వాసన. అది ముక్కుకు తగిలితే చాలు, మస్తాన్‌బీ అత్త భుజం మీది తడిగుడ్డ గుర్తుకొస్తుంది. ఆమె మాకు చుట్టం కాదు, పక్కింటామె. మార్కాపురంలో నేను బడిపిల్లల రాతిపలకలు చేసే షెడ్డులో చేరినప్పుడు పని నేర్పింది ఆమే. అరగదీసిన పలకను తడిగుడ్డతో తుడిచి వెలుతురుకు ఎత్తి చూడాల. దుమ్ము గీత కనపడితే తిరిగి నా చేతికే ఇచ్చేది. “ఏందే బేటీ, పలకను తుడిచినావా, బుజ్జగించినావా?” అనేది. షెడ్డంతా నవ్వేది, నాకు ఏడుపొచ్చేది. మధ్యాహ్నం తన సద్దిలోంచి మళ్ళా నాకే ముందు పెట్టేది. “తడిగుడ్డ పెట్టంది ఏదీ శుభ్రం కాదు, ఇల్లయినా, పలకయినా” అనేది ఆమె మాట. నా సంసారమంతా ఆ మాట మీదే నడిచింది.

అట్లాంటి మనిషికి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. సూదులకు చేతి నరాలు దొరక్కుండా పోతే, పట్నం ఆసుపత్రిలో ఛాతీకి సన్నటి గొట్టం పెట్టి, కొస బయటికి వదిలి, మూతేసి పంపినారు. మందు దాన్లోంచే రక్తంలోకి పోతుంది. కొన్నాళ్ళకు, దాన్లో మందు ఎక్కించినప్పుడల్లా అత్తకు వణుకుజ్వరం. మంచం కూడా ఊగేది. ఆసుపత్రికి తోడు పోయింది నేనే. రక్తం పరీక్ష చేసినాక డాక్టరమ్మ వచ్చి చెప్పింది.

“ఇది మామూలుగా మనుషుల రక్తంలో కనపడే క్రిమి కాదమ్మా. నీళ్ళల్లో, మట్టిలో బతికేది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళను సాధారణంగా ఏమీ చెయ్యదు. ఈమెకు మందులతో ఒంట్లో శక్తి తగ్గింది, గొట్టమేమో నేరుగా రక్తంలోకి దారి. దాన్ని ఎట్ల చూసుకుంటున్నారు?”

అత్త మొగం వెలిగిపోయింది. “రోజూ తుడుస్తా తల్లీ! మా ఊర్లో పలకల దుమ్ము గదా. మూత చుట్టూ, మూత కింద, తడిగుడ్డతో.”

“తడి తగలకూడదని చెప్పలేదా?”

“చెప్పినారు. కవరు కట్టుకునే నీళ్ళు పోసుకున్నా. తుడవడం వేరు గదా?”

“అయితే గుడ్డ వల్లేనా మేడం?” అని నేనడిగినాను.

“కావచ్చు. ఖాయంగా చెప్పలేం. గొట్టం మాత్రం తీసెయ్యాల.”

అత్త గొట్టాన్ని అరచేత్తో కప్పుకుంది. “ఇది తీసేస్తే నా మందు ఎట్ల?”

“ఇది ఉంటే జ్వరం వదలదు. ముందు ప్రాణం, తర్వాత ఆ మందు.”

అత్త నా మొగం చూసింది. నాకేం తెలుసు? “తీయించుకో అత్తా” అన్నాను. తీసినారు. క్రిమికి వేరే మందులిచ్చినారు. జ్వరం దిగింది.

తర్వాత మిషన్‌తో వెతికి, జబ్బ లోపలి నరానికి ఇంకో గొట్టం పెట్టినారు. దాన్ని ఆమె ముట్టలేదు. దుమ్ము పడితే నా వైపు చూసేది. “తుడవద్దా?” “వద్దంట అత్తా.” చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచునేది. గుడ్డ లేని ఆ భుజాన్ని చూడలేకపోయేదాన్ని. ఆ గొట్టానికి ఏమీ కాలేదు. చివరికి క్యాన్సరే ఆమెను తీసుకుపోయింది.

అత్తా నేనూ అవే నీళ్ళు తాగినాం, అదే దుమ్ము పీల్చినాం, ఆ క్రిమి నన్నేమీ చెయ్యలేదు. డాక్టరమ్మ మాట అక్కడ అర్థమైనట్టే ఉంది, ఇంటికొస్తే మళ్ళా అర్థం కాలేదు. శుభ్రం చేసిన చేతికి ఇదేం న్యాయం? ఈ పొద్దు కూడా ఒక పలక తీసి తడిగుడ్డతో తుడిచినాను. వెలుతురుకు ఎత్తి చూసినాను, గీత లేదు. అయినా గుడ్డ కింద పెట్టలేకపోయినాను. “ఏందే బేటీ” అని పక్కింట్లోంచి వినపడుతుందేమోనని కొంచెంసేపు అట్లే నిలబడినాను.