రెండు నిమిషాల వేషం

నా చిన్నప్పుడు నాకు అందరికంటే ఇష్టమైన మనిషి ఒక అమెరికా సినిమా నటి. ఆమె మాట ఒక్కటీ నాకు అర్థమయ్యేది కాదు. మేమప్పుడు కువైట్‌లో, మిష్రిఫ్‌లోని ఒక పెద్ద కువైటీ ఇంటి వెనక గదిలో ఉండేవాళ్లం. మా నాన్న ఆ ఇంటికి డ్రైవరు, మా అమ్మ వంటమనిషి. పక్క గదిలో ఉండే ఆమెను నేను అక్కా అనేదాన్ని, ఆమెది రాయచోటి వైపు. ఆ ఇంటి యజమానురాలిని అందరూ మామా అనేవాళ్లు, ఆమె అత్తగారిని పెద్ద మామా అనేవాళ్లు. పెద్ద మామాను కనిపెట్టుకుని ఉండడం అక్క పని.

పెద్ద మామాకు ఆ నటి అంటే ప్రాణం. మధ్యాహ్నం భోజనాలయ్యాక వీడియోలో ఆమె సినిమా పడాల్సిందే. బొమ్మ కింద అరబ్బీ అక్షరాలు వచ్చేవి గానీ పెద్ద మామాకు చదువు రాదు. అక్క ఆమె కాళ్లు ఒత్తుతూ చూసేది, నేను గడప దగ్గర కూర్చుని చూసేదాన్ని. ముగ్గురికీ ఇంగ్లీషు రాదు కాబట్టి కథ మేమే అల్లుకునేవాళ్లం. పెద్ద మామా అరబ్బీలో ఒకటి చెప్పేది, అక్క నాకు తెలుగులో ఇంకొకటి చెప్పేది. రెండూ ఆ సినిమా తీసినవాళ్లు కలలో కూడా అనుకోనివే అయ్యుంటాయి.

నన్ను తొలిచేసిన సంగతి వేరే. శనివారం చూస్తే ఆమె రెండు జడల పిల్ల. ఆదివారం తల నెరిసిన నాయనమ్మ. సోమవారం మళ్లీ పెళ్లికూతురు. అసలు ఈమె వయసెంత? అక్కను అడిగితే నవ్వేది. అమ్మను అడిగితే పుస్తకం తీయమనేది. ఇక లాభం లేదని, నాన్న కాసెట్లు మార్చడానికి వెళ్తుంటే నేనూ కారెక్కి కూర్చున్నాను.

వీడియో షాపాయన కేరళ నుంచి వచ్చిన మలబారీ, ఆయన కూడా ఆమె అభిమానే. హిందీలో ఆయన చెబుతుంటే నాన్న నాకు తెలుగు చేసి చెప్పాడు. పదిహేడేళ్లప్పుడు ఏదో చిన్న ఊరి నుంచి వచ్చి, గుంపులో నిలబడే వేషాలతో మొదలుపెట్టిందట. తర్వాత పదేళ్లు ఆమె బొమ్మ లేని గోడ లేదట. నలభై దాటగానే పిలవడం మానేశారట. అయినా ఇంటికి పోలేదట. ఎవరికో పిన్నిగానో, నర్సుగానో, ఏది దొరికితే అది వేసిందట. ముసలితనం వచ్చాక మళ్లీ పిలుపులు మొదలయ్యాయట. మేం చూసేవన్నీ మొదటివీ చివరివేనట. “మరి మధ్యలోవి ఏవీ?” అన్నాను. పిట్ట కొంచెం కూత ఘనం అన్నట్టు నావంక చూసి, పై అరలోంచి దుమ్ము పట్టిన కాసెట్ ఒకటి తీసి ఇచ్చాడు.

ఆ సినిమాలో ఆమె కనిపించేది రెండే రెండు నిమిషాలు. పనిమనిషి వేషం. ట్రేలో కాఫీ తెచ్చి, నలుగురికి ఇచ్చి వెళ్లిపోతుంది. నోట్లోంచి ఒక్క మాట రాదు. పెళ్లికూతురుగా అంత మెరిసిన మనిషికి ఇదేం ఖర్మ అని నాకు ఏడుపొచ్చింది. అక్క మాత్రం పెద్ద మామాను అడిగి ఆ ముక్కను నాలుగైదుసార్లు వెనక్కి తిప్పించుకుంది.

“సూడు మే, ఆయమ్మ కప్పు దిక్కు సూడ్డంల్యా. తీసుకునేటోళ్ల మొగం సూస్తాంది. ఈ పని చేసినోళ్లకే తెలుస్తాది అది,” అంది.

“అంత పెద్ద హీరోయిన్‌కు సిగ్గనిపించలేదా అక్కా?”

“ఏమో మే, యాడన్నా కనపడితే నువ్వే అడుగు.”

ఆ నెలలోనే అక్కకు కష్టం వచ్చిపడింది. ఆమెకూ నలభై దాటాయి, మోకాళ్ల నొప్పులు. మామా కొత్తగా చురుకైన పిల్లనొకదాన్ని పనికి తెచ్చుకుంది. కువైట్‌లో ఉండడానికిచ్చే ఇఖామా గడువు అయిపోగానే ఊరికి పంపేస్తామని అక్కకు చెప్పేసింది. ఊళ్లో అక్క కూతురు నర్సు చదువుతోంది, ఇంకా రెండేళ్లుంది. అక్క పని పోతే ఆ చదువూ పోయినట్టే. ఆ ఇంటి పిల్లలు ముగ్గురినీ ఎత్తుకుని పెంచింది అక్కే. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదేనని మా అమ్మ గదిలో గొణిగేది. మామా ఎదురుగా మాత్రం మాకెవరికీ నోరు లేచేది కాదు.

ఒక సాయంత్రం ఇంట్లో ఆడవాళ్ల విందు జరిగింది. ఏళ్లుగా అతిథులకు గహ్వా, అంటే వాళ్ల కాఫీ, పోసేది అక్క. ఆ రోజు కూజా కొత్త పిల్ల చేతికిచ్చి, అక్కను ఖాళీ కప్పులు ఏరుకురమ్మన్నారు. నాకు కడుపు మండిపోయింది. తలనొప్పని చెప్పి పడుకో అక్కా అన్నాను. ఆమె జుట్టు సర్దుకుని, ట్రే శుభ్రంగా తుడుచుకుని లోపలికి వెళ్లింది.

గహ్వా పోసేవాళ్లు అతిథి చాలనేదాకా పోస్తూనే ఉండాలి. చాలని నోటితో చెప్పరు, చేతిలో కప్పును అటూ ఇటూ ఊపుతారు. పెద్ద మామాకు తోడబుట్టిన ఒకావిడ వచ్చి ఉన్నారు, చాలా పెద్దావిడ. ఆమెకు చేతులు వణుకు. కప్పు చాచిన ప్రతిసారీ అది ఊగేది, కొత్త పిల్ల చాలన్నారనుకుని దాటి పోయేది. ఆ పిల్ల తప్పు లేదు, ఊగిన కప్పులో పోయకూడదనే ఆమెకు నేర్పారు. అడగడానికి ఆ పెద్దావిడకు అభిమానం అడ్డం. వంటింటి తలుపు సందులోంచి కళ్లప్పగించి చూస్తున్న నాకూ తట్టలేదు.

అక్క ఖాళీ కప్పు కోసం చేయి చాచి, ఆవిడ మొహం చూసి ఆగింది. ఆవిడ కళ్లు కూజా వెంటే పోతున్నాయి. అక్క ట్రే పక్కన పెట్టింది, కొత్త పిల్ల చేతిలోంచి కూజా నెమ్మదిగా అందుకుంది. ఆ నొప్పుల మోకాళ్ల మీదే కూర్చుని, వణికే కప్పు కింద తన అరచేయి ఆనించి పోసింది. ఆవిడ మూడు కప్పులు తాగింది. తర్వాత కప్పు కింద పెట్టి, అక్క భుజం మీద చేయి వేసింది. పెద్ద మామా ఇదంతా చూస్తూనే ఉంది.

అతిథులు వెళ్లాక పెద్ద మామా కోడలిని పిలిచి, “ఈమె నా దగ్గరే ఉంటుంది, ఖలాస్,” అంది. ఆ మాట మీద ఇంకో మాట లేదు. గదికి వచ్చాక అక్క వెక్కి వెక్కి ఏడ్చింది. నేను గంతులేశాను. “ఆ సినిమా ఆమెకంటే నువ్వే బాగా వేశావు అక్కా!” అన్నాను.

అక్క కళ్లు తుడుచుకుంది. “వేషమేంది మే. ఆయమ్మకు ఇంకొంచెం తాగాలనుండె. అంతే.”

నాకిప్పుడు యాభై దాటాయి. కువైట్‌లోనే మహబూలాలో ఉంటూ ఒక ఆసుపత్రిలో రోగులకు భోజనాలు అందిస్తాను. ఇంతేనా నా బతుకు అని విసుగొచ్చిన రోజులూ ఉన్నాయి. పళ్లెం వద్దని తోసేసిన మనిషి దగ్గర మాత్రం ఇంకో నిమిషం నిలబడతాను. ఆలస్యమవుతోందని మా సూపర్‌వైజర్ యల్లా యల్లా అంటాడు, అననీ. చాలామంది నిజంగానే వద్దంటారు. ఎప్పుడో ఒకరు చెంచా ఎత్తలేక, ఆ మాట చెప్పలేక వద్దంటారు. అప్పుడు కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని కూర్చుంటాను.