గజ్జల్లో బిళ్ళ

ఎనభయ్యో దశకం చివర్లో మా అమ్మ అరికాలి మీది నల్లమచ్చను కోసి తీశారు. అది మెలనోమా అనే చర్మ క్యాన్సర్ అని తేలింది. కట్టు మార్చే రోజు డాక్టరమ్మ, గజ్జల్లో గడ్డలేమైనా ఉన్నాయా అని అడిగింది. అమ్మ లేవంది.

ఉందని నాకు తెలుసు. కాలికి పుండయితే గజ్జల్లో బిళ్ళ కడుతుందని, దానంతటదే పోతుందని కామాటిపురాలో ఒకే పొడవాటి గ్యాలరీ వెంట వరసగా గదులున్న మా చాల్‌లో పిల్లలకు కూడా తెలుసు. ఉట్టి కాళ్ళతో ఇటుకలు మోసినవాళ్ళ ఇళ్ళు మావి. సున్నం, బెల్లం కలిపి ఆ బిళ్ళకు పట్టు వేసింది కూడా నేనే, బుద్ధిలేనిదాన్ని.

"ఉంది," అన్నాను మరాఠీలో. అమ్మ నన్ను కొరకొరా చూసింది.

డాక్టరమ్మ సోనోగ్రఫీ రాసింది. బయటికి రాగానే అమ్మ మొదలుపెట్టింది.

"మీ నాయిన పోయి తొమ్మిదేండ్లాయె. కడుపుతోని ఉన్నోళ్ళకు తీసే ఫోటో నాకేందే? చాల్‌ల తెలిస్తే ఏమనుకుంటరు?"

"నువ్వు రాకుంటే నేనే గ్యాలరీల నిలబడి అందరికి చెప్త."

చెప్పేదాన్నే. నాకంత భయంగా ఉంది.

నాగ్‌పాడా అవతల సోనోగ్రఫీ గది ముందు వరసంతా నిండు చూలాళ్ళే. అమ్మ కట్టు కట్టిన కాలు అందరికీ కనబడేలా ముందుకు చాచి కూర్చుంది.

లోపల డాక్టరు తెర మీద చూపించాడు. మామూలు బిళ్ళ చిక్కుడు గింజలా కోలగా, నడుమ తెల్లగా కనిపిస్తుందట. ఒకటి అలాగే ఉంది. పక్కది గుండ్రంగా, తెలుపన్నదే లేకుండా నల్లగా ఉంది. బొమ్మ చూసి ఖాయంగా చెప్పలేం, సూదితో తీసి పరీక్ష చేయాలన్నాడు. ఆ పరీక్షలోనూ క్యాన్సరే అని వచ్చింది. వారం తిరక్కుండా ఆ గజ్జలోని బిళ్ళలన్నీ తీసేశారు.

ఇంటికొచ్చిన రోజు నల్లా దగ్గర ఆడవాళ్ళు గుసగుసలాడుతున్నారు. అమ్మ గోడ పట్టుకుని నిలబడింది.

"సోనోగ్రఫీకి పోయిన, నిజమే. గజ్జల గడ్డ లేసిందని సిగ్గుపడి దాచిన. ఇంక దాస్తే పానం పోతుండె. అందరు కూసోని కాళ్ళు చూపియ్యుండ్రి, నా లెక్క నల్లమచ్చ ఉన్నదేమో చూస్త."

నవ్వబోయినవాళ్ళు కూడా కూర్చున్నారు. గ్యాలరీ పొడవునా అరికాళ్ళు బారు తీరాయి. అమ్మ అందరికంటే ముందు నా కాలు ఒళ్ళోకి లాక్కుంది. వేళ్ళ సందులు కూడా విడదీసి చూసింది. చూడటం అయిపోయినా నా కాలు వదల్లేదు.