అన్నయ్య ఫోన్లో పాట

మధ్యాహ్నం ఒంటిగంట దాటాక, బడిపిల్లలంతా అన్నాలు తిని కంచాలు కడుక్కుని వెళ్ళిపోయాక, రేవతి వంటగది గోడకు వీపు ఆనించి కూర్చుని వెల్దుర్తిలో ఉన్న అన్నకు ఫోన్ చేస్తుంది. అన్న ఎత్తడు. ఎత్తడని ఆవిడకూ తెలుసు. నాలుగేళ్ళుగా అతను ఎత్తనూ లేదు, ఈవిడ చేయడం మాననూ లేదు. ఒక కడుపున పుట్టినవాళ్ళు, మొండితనం ఒక్కరికే ఎందుకు వస్తుంది?

నిజానికి ఆవిడ మాట్లాడదామని చేయడం లేదు. పాట కోసం చేస్తోంది. అన్న ధనుంజయరావు నంబరుకు ఎవరు చేసినా గంట మోగే బదులు ఏదో సినిమా పాట వినిపిస్తుంది.

ఏరు దాటి పోయినా నీ ఊరు మరువలేదులే,
తలుపు మూసుకున్నా నేను గొళ్ళెం పెట్టలేదులే,
నువ్వొచ్చే దారిలోన...

సరిగ్గా అక్కడ ఫోన్ కంపెనీ ఆడమనిషి అడ్డం వచ్చి, మీరు చేసినవారు ఫోన్ తీయడం లేదంటుంది. ఆ పాటకు ముందేముందో, వెనకేముందో రేవతికి తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. ఆవిడతో పాటు బడిలో వండే చాంద్ బీ, తన ఫోన్లో వెతికి పాటంతా వినిపిస్తానంటే వద్దంది.

"అంతా ఎందుకక్కా. మా అన్న చెప్పింది నాకు చాలు."

"మీ అన్న యాడ చెప్పాడే? సినిమావోళ్ళు చెప్పారు."

"ఇన్ని పాటలుండంగా ఆ పాటే ఎందుకు పెట్టుకున్నాడు మరి?"

చాంద్ బీ గరిటెలు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది.

నాలుగేళ్ళ కిందట పంచాయతీ ఎన్నికల్లో ధనుంజయరావు వార్డు మెంబరుగా నిలబడ్డాడు. రేవతి భర్త వెంకటేష్‌ది ఎదుటి పార్టీ. వీళ్ళ ఊరు శావల్యాపురం పక్కన. అక్కడి పార్టీకి, వెల్దుర్తి వార్డుకు ఏం సంబంధమని అడిగేవాళ్ళు పల్నాడులో ఉండరు. వెంకటేష్ పెళ్ళాన్ని పుట్టింటికి పంపలేదు. ధనుంజయరావు పదకొండు ఓట్లతో ఓడిపోయాడు. ఆ సాయంత్రం అతను ఫోన్ చేసి, చెల్లెలివై ఉండి ఒక్కపూట వచ్చి నాలుగిళ్ళు తిరగలేకపోయావని బాధపడితే, అప్పటికే ఇంట్లో మొగుడితో వేగి ఉన్న రేవతి, "నిలబడమని ఎవరేడ్చారు?" అనేసింది. అంతే. నోరు జారడానికి ఒక్క క్షణం చాలు కదా. అన్న ఫోన్ పెట్టేశాడు.

నెల తర్వాత ధైర్యం చేసి మళ్ళీ చేస్తే పాట వచ్చింది. గొళ్ళెం పెట్టలేదులే అన్న మాట చెవిన పడగానే రేవతి కళ్ళు తుడుచుకుంది. నోటితో చెప్పలేక పాటతో చెబుతున్నాడనుకుంది. కోపం తగ్గగానే తనే వస్తాడనుకుంది. ఆ నమ్మకంతోనే నాలుగేళ్ళు నెట్టుకొచ్చింది. తెల్లవారకముందే లేచి ఇంటి పని, తర్వాత రెండు వందల మందికి వంట, చేతుల మీద ఆవిరి మచ్చలు, సాయంత్రానికి వంగని మోకాళ్ళు. వీటన్నిటి మధ్య ఆవిడకంటూ ఉన్నది ఆ మూడు వరుసల ముక్కే. అందులోనూ మూడోదాన్ని సగంలో తెగిపోతుందని లెక్కలోకి తీసుకోలేదు.

ఈ ఏడు కూతురు పూర్ణిమకు సంబంధం కుదిరింది. పెళ్ళి ఇక మూడు వారాలే. పిల్లను గంపలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి మోసుకురావాల్సింది మేనమామ. ఉన్నది ఒక్క మేనమామ. వేరే ఎవరి చేతనైనా గంప ఎత్తించండని మగపెళ్ళివారు తేలిగ్గా అన్నారు. రేవతి తల ఊపింది గాని ఆ రాత్రి నిద్రపోలేదు. అన్న బతికుండగా పరాయివాడు గంప ఎత్తితే, ఆ మాట తాను అన్నందుకు శిక్ష పడ్డట్టే.

ఆ మర్నాడు ఫోన్ చేస్తే పాట లేదు. ట్రింగు ట్రింగుమని ఉత్త గంట మోగింది. నంబరు తప్పేమోనని మళ్ళీ చేసింది. మళ్ళీ గంటే.

"గొళ్ళెం పెట్టేశాడక్కా," అంది చాంద్ బీతో. ఏడవడానికి కూడా ఓపిక లేక అలాగే కూర్చుండిపోయింది. తర్వాత రెండు రోజులు ఫోనే ముట్టుకోలేదు.

మూడో రోజు అన్న నంబరు నుంచే ఫోన్ వచ్చింది. మాట్లాడింది వదిన పార్వతమ్మ.

"ఏందే రేవతీ, ఒంట్లో బానే ఉందా? రెండు రోజుల నుంచి నీ ఫోన్ రాలేదని మీ అన్న అన్నం ముందు కూర్చుని లేస్తున్నాడు."

"నా ఫోన్ ఎత్తడుగా వదినా."

"ఎత్తడు. అది మోగిందాకా కంచమూ ముట్టడు. మోగి ఆగినాక, బానే ఉందిలే అని కలుపుకుంటాడు."

రేవతి ఫోన్ రెండో చెవికి మార్చుకుంది. "మరి పాట ఎందుకు తీసేశాడు?"

"పాటేంది?" అని పార్వతమ్మ కొంచెం ఆలోచించింది. "ఓ, అదా. నెలనెలా బ్యాలెన్స్ కోస్తున్నారని మాచర్లలో సెల్ షాపువాడి చేత తీయించాడు. ఎప్పుడో ఏదో నొక్కితే పడిందంట. ఏం పాటో మాకేం తెలుసు? మన ఫోన్లో పాట మనకి వినపడదుగా."

రేవతి ఫోన్ పెట్టేసి గోడకు తల ఆనించింది. అన్న ఆ పాటను ఒక్కసారి కూడా వినలేదు. నాలుగేళ్ళు తాను మాట్లాడుకున్నది కంపెనీవాడి పాటతో. మొదట సిగ్గేసింది, తర్వాత తన మీద తనకే చెప్పలేనంత కోపం వచ్చింది, చివరికి మిగిలింది అలసటే. వస్తాడని పాట ఎక్కడా అనలేదు. నువ్వొచ్చే దారిలోన అనే కదా రోజూ మొత్తుకుంది. ఆ ఒక్క ముక్కే తన చెవికి ఎక్కలేదు.

మర్నాడు వంట చాంద్ బీకి అప్పజెప్పి, కుంకుమ భరిణె సంచిలో వేసుకుని బయల్దేరింది. వెంకటేష్ ఎక్కడికని అడగలేదు, వద్దనీ అనలేదు. వినుకొండలో ఒక బస్సు, మాచర్లలో ఒక బస్సు మారి, వెల్దుర్తిలో దిగేసరికి కాళ్ళు వాచాయి.

ధనుంజయరావు వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. మనిషి సగమయ్యాడు. చెల్లెలిని చూసి లేవబోయి, నడుం పట్టుకుని మళ్ళీ కూర్చున్నాడు.

"ఏ బస్సుకొచ్చావే?"

"మాచర్ల బస్సుకి." రేవతి స్తంభం పక్కన కూలబడింది. "నాలుగేళ్ళు చేశానన్నయ్యా. ఒక్కసారి ఎత్తితే ఏమయ్యేది?"

అతను చెల్లెలి వంక చూడలేదు. "మోగతా ఉంటే బానే ఉండేది. ఎత్తితే మళ్ళీ ఏ మాటంటావో అని భయమేసేది."

తన నోరంటే అన్న ఇంత భయపడుతున్నాడని రేవతి ఎన్నడూ అనుకోలేదు. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా అనని మాట అప్పుడంది.

"తప్పయిందన్నయ్యా. అనకూడని మాటన్నాను."

పార్వతమ్మ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. రేవతి తాగి, లేచి, భరిణె తీసి వదినకు బొట్టు పెట్టి, పెళ్ళి రోజు చెప్పి, గంప నువ్వే ఎత్తాలంది అన్నతో.

"పిల్ల బరువుందా?" అన్నాడతను.

"యాభై ఎనిమిది కిలోలుంది."

ధనుంజయరావు నడుం మీద చెయ్యి వేసుకున్నాడు.

"మోస్తాలే," అన్నాడు. "మధ్యలో దించితే మాత్రం ఏమీ అనమాకు."